గీత దాటాక దణ్ణం

పోయిన వేసవిలో నేను రిటైరయ్యాను. తాడేపల్లిగూడెంలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు ఉద్యోగం. ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు కాబట్టి అందరూ నన్ను డ్రిల్లు మేడం అనే అనేవారు. నేనూ దిద్దలేదు. నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి చురుకైనది, పెద్ద చదువు చదివింది, పిల్లల గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో కూడా ల్యాప్‌టాప్‌లో చూపిస్తుంది. స్టోర్ రూం తాళాలు అప్పగిస్తున్నప్పుడు ఆ అమ్మాయి నన్నడిగింది.

"మేడం గారండీ, ఈ ఉద్యోగంలో ముఖ్యంగా ఏం చూసుకోవాలండీ?"

"వాలీబాల్ నెట్టు ఎలకలు కొరక్కుండా చూసుకో తల్లీ" అన్నాను.

తను నవ్వేసింది గానీ ఇంటికొచ్చాక నాకే మనసొప్పలేదు. అంత మంచి ప్రశ్నకి ఎలకల జవాబా చెప్పేది? అందుకే ఇది రాయడం. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ళు ఇందులో ఉండవు. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే గోల. ఈ ఉద్యోగంలో నాకు బాగా బోధపడిన సంగతి ఒకటుంది, అది ఒక అర్చకుల అమ్మాయి వల్ల బోధపడింది. ఆ అమ్మాయి దగ్గరికి వచ్చేముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి.

ఎవరు రాకపోతే వాళ్ళు

మాది ఏలూరు. కాలేజీలో చేరినప్పుడు నేను ఆడాలనుకున్నది వాలీబాల్ ఒక్కటే. మాకు ఆటలు నేర్పే మూర్తి మాస్టారికి మాత్రం అమ్మాయిలు ఎప్పుడూ చాలేవారు కాదు. ఏ జట్టు చూసినా ఒకళ్ళు తక్కువ. ఒకరోజు వాలీబాల్ అయ్యాక ఇంటికి పోతుంటే పిలిచారు.

"సత్యవతీ, ఖోఖోలో ఒకళ్ళు తగ్గారమ్మా. నువ్వేం చెయ్యక్కర్లేదు, వరసలో ఊరికే కూర్చో."

కూర్చోవడమే కదా అని కూర్చున్నాను. వెనకనుంచి ఎవరో వీపు మీద ఒక్కటి చరిచి 'ఖో' అన్నారు. లేచి పరిగెత్తాను. డిగ్రీ అయ్యేదాకా ఆ పరుగు ఆగలేదు. మరుసటి ఏడు కబడ్డీ ఆడే అమ్మాయికి ఆటలమ్మ పోసింది, ఆ చోట్లో నన్ను నిలబెట్టారు. హైజంపు అమ్మాయి రైలు తప్పిపోయింది, అదీ నేనే దూకాను. బాల్ బ్యాడ్మింటన్‌లో ఎవరు ఎందుకు రాలేదో ఇప్పుడు గుర్తు లేదు గానీ ఆ బ్యాటూ నా చేతికే వచ్చింది. ఇలా ఎవరు రాకపోతే వాళ్ళ చోట్లో ఆడి ఆడి, చివరికి యూనివర్సిటీ తరఫున నాలుగు ఆటల్లో ఆడానండీ. పేపర్లో ఫోటో కూడా పడింది, అందులో నేను కళ్ళు మూసుకుని ఉన్నాను.

మా మేనమామ ఆ ఫోటో చూసి, "అన్నిట్లోనూ వేలు పెట్టావు, ఒక్కదాంట్లోనూ చెయ్యి తిరగలేదు" అన్నాడు. కోపం వచ్చింది గానీ ఆయనన్నది నిజమే. ఏ ఆటలోనూ నేను మొదటిదాన్ని కాదు. అయితే నలుగురి చోట్లలో నిలబడి ఆడినదానికి ఒక లాభం ఉంది. ఎవరు ఎటు చూస్తారో, ఎవరికి ఏ భయం ఉందో తెలుస్తుంది. కోచ్ పనికి అది చాలా అవసరం. ఒకే ఆటలో దిట్టలైనవాళ్ళు చాలామంది పిల్లలందరూ తమలాగే ఆడాలనుకుంటారు. నాకా బాధ లేదు, నాలాగా ఆడితే ఓడిపోతారని నాకు ముందే తెలుసు.

మూర్తి మాస్టారికి ఇంకో పద్ధతి ఉండేది. కొత్త పిల్ల చేరగానే ఏదో వంక పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేవారు. అరుగు మీద కూర్చుని, వాళ్ళిచ్చిన కాఫీ తాగి, లోకాభిరామాయణం మాట్లాడి వచ్చేసేవారు. కాఫీ కోసమే వెళ్తారని మేం చాటున నవ్వుకునేవాళ్ళం. ఆయన చూసేది వేరు. మా ఇంటికి వచ్చి వెళ్ళాక, "నువ్వు బిందె ఎడంచేత్తో ఎత్తావు. స్మాష్ కుడిచేత్తో ఎందుకు కొడుతున్నావే?" అని అడిగారు. అప్పటిదాకా నాది ఎడంచేతి వాటమని నాకే తెలియదు, మా అమ్మ చిన్నప్పుడే మొట్టి మాన్పించేసింది.

గ్రౌండు మీద ధాన్యం

పై అధికారుల గురించి చెప్పకపోతే ఊరుకోరు కాబట్టి ఒక్కటి చెబుతాను. మా మొదటి ప్రిన్సిపాలు గారు చాలా మంచివారు, ఆటలంటే మాత్రం భయం. "ఎండలో నల్లబడితే వాళ్ళ అమ్మలు నన్నడుగుతారమ్మా" అనేవారు. ఒక ఏడు మా కాలేజీలోనే టోర్నమెంటు పెట్టుకున్నాం. పొద్దున్నే వచ్చి చూస్తే గ్రౌండు నిండా ధాన్యం ఆరబోసి ఉంది. మా వైపు కోతలప్పుడు చదునైన నేల కనబడితే చాలు, అది రోడ్డు కానీ బడి కానీ, ధాన్యం పరిచేస్తారు. ఆ ధాన్యం కాలేజీ కమిటీలో ఒక పెద్దమనిషిది.

నాకు ముక్కు మీద కోపం. ప్రిన్సిపాలు గారి గదిలోకి వెళ్ళి గట్టిగానే అరిచాను. ఆయన కిటికీలోంచి ఆకాశం చూపించారు. కొల్లేరు వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. బయటికొచ్చేసరికి నేను చెప్పకుండానే మా పిల్లలు ధాన్యం పోగుచేస్తున్నారు. సగం మంది రైతుల పిల్లలే, వాన పడితే ఆ ఇంట్లో ఏమవుతుందో వాళ్ళకి ఒకరు చెప్పాలా? ఆడ్డానికి వచ్చిన బయటి కాలేజీల పిల్లలు కూడా జెర్సీలతోనే బస్తాలు పట్టారు. టోర్నమెంటు మర్నాటికి వాయిదా పడింది. అప్పట్నుంచి ఆ పెద్దమనిషి ఎప్పుడు అడిగితే అప్పుడు గ్రౌండుకి ట్రాక్టరుతో మట్టి తోలించారు.

కాబట్టి అధికారులతో పోట్లాడవలసి వస్తే పోట్లాడండి, నేను వద్దనను. మబ్బు పట్టినప్పుడు మాత్రం కాదు.

పంతులుగారి అమ్మాయి

ఇక అలివేలు. దెందులూరు దాటాక హైవేకి కాస్త లోపలగా ఉన్న ఒక ఊరి నుంచి రోజూ పాసింజరు రైల్లో కాలేజీకి వచ్చేది. వాళ్ళ నాన్న శేషాచార్యులు గారు ఆ ఊళ్ళో వేణుగోపాలస్వామి గుడి అర్చకులు. పిల్ల సన్నగా పొడుగ్గా ఉండేది, మనిషి మొత్తం కాళ్ళే. చిన్నప్పట్నుంచి గుడి ముందు బండల మీద తొక్కుడుబిళ్ళ ఆడిందేమో, ఒంటికాలి మీద ఎంతసేపైనా తొణక్కుండా నిలబడేది. కబడ్డీకి పనికొస్తుందని చూడగానే అనుకున్నాను.

కబడ్డీ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను. కూతకెళ్ళిన మనిషి ఊపిరి తియ్యకుండా 'కబడ్డీ కబడ్డీ' అంటూ అవతలి కోర్టులోకి వెళ్ళి, ఎవరినైనా తాకి, ఆ కూత తెగకుండా మధ్యగీత దాటి ఇవతలికి రావాలి. అప్పుడే పాయింటు. ఈలోగా వాళ్ళు పట్టి ఆపేస్తే మనిషి ఔటు. తాకడం చేత్తోనైనా కాలితోనైనా సరే. అలివేలు కాలు ఎంత దూరం అందుతుందో ఎవరికీ అంచనా దొరికేది కాదు. వెనక్కి తిరిగిపోతున్నట్టే తిరిగి, ఒక్క తాపు తన్నేది. నేను యూనివర్సిటీలో ఆడిన రోజుల్లో కూడా అలాంటి తాపు చూడలేదు.

మొదటి మ్యాచ్ ఏలూరులో. అలివేలు కూతకెళ్ళింది, అవతలి అమ్మాయి పిక్క మీద చక్కగా తన్నింది. ఇక పరిగెత్తుకు రావడమే. నేను లేచి నిలబడ్డాను కూడా. అలివేలు పరిగెత్తలేదు. వంగి, ఆ అమ్మాయి కాలిని చేత్తో తాకి, కళ్ళకద్దుకుంది.

మన ఇళ్ళలో ఎవరికైనా కాలు తగిలితే చేసేది అదే కదండీ. తన్ను తిన్న అమ్మాయి కూడా అలవాటుకొద్దీ "ఫరవాలేదండి" అంది. ఆ తర్వాత అందరూ కలిసి అలివేలు మీద పడి పట్టేశారు.

గ్రౌండంతా ఒకటే నవ్వులు. నేనూ నవ్వాను. రెండోసారీ అదే చేసింది, అప్పుడు నవ్వు రాలేదు. మా జట్టులో నాగమణి అని కొల్లేరు లంక పిల్ల ఉండేది, ఆకివీడు వైపు. వాళ్ళది చేపల చెరువుల కుటుంబం. దాని చేతికి మడమ చిక్కితే ఇక వదలదు, జారిపోయే చేపని పట్టిన చెయ్యి అది. బస్సులో తిరిగొస్తూ అలివేలుని ఆటపట్టించింది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. తన్ననేల, దణ్ణం పెట్టనేల పంతులుగారమ్మాయి గారూ?"

"నేను కావాలని పెట్టట్లేదే. చెయ్యి దానంతటదే పోతోంది" అని అలివేలు ఏడ్చేసింది. నాగమణి కంగారుపడి, తన టిఫిన్ డబ్బాలో మిగిలిన రొయ్యల వేపుడు ఇవ్వబోయి, ఎవరికిస్తోందో గుర్తొచ్చి మళ్ళీ మూత పెట్టేసింది.

అలివేలు ఏడుపుకి కారణం ఉంది. అది దాని డిగ్రీ ఆఖరి సంవత్సరం. బడిలో డ్రిల్లు టీచరు కావాలని దాని కోరిక. వ్యాయామ విద్య కాలేజీలో ఆటల కోటా సీటు రావాలంటే యూనివర్సిటీ జట్టులో ఆడి ఉండాలి. ఆ ఏడు సెలెక్షన్లలో పేరు రాకపోతే ఇక ఆట లేదు. ఏలూరులో ఉన్న మేనమామ బ్యాంకు పరీక్షల కోచింగులో చేరుస్తానని కాచుక్కూర్చున్నాడు. బ్యాంకు ఉద్యోగం మంచిదే, నేను కాదనను. కానీ ఆ పిల్ల గ్రౌండులో అడుగుపెట్టినప్పటి మొహం నేను చూశాను, లెక్కల పుస్తకం తీసినప్పటి మొహమూ చూశాను.

నా వైద్యాలు

సెలెక్షన్లకి ఇంకా కొన్ని వారాలు ఉన్నాయి. ముందు తిట్టాను. తిడితే "సారీ అండి" అని నాకు కూడా దణ్ణం పెట్టింది. తర్వాత ఊకతో బస్తా నింపి గోలుపోస్టుకి వేలాడదీసి, "తన్ను, తిరిగి చూడకుండా పరిగెత్తు" అన్నాను. అద్భుతంగా చేసింది. బస్తాకి ఎవరు దణ్ణం పెడతారు చెప్పండి? మనుషుల్ని నిలబెడితే మళ్ళీ మామూలే.

సరేనని నాగమణిని నిలబెట్టి సాయంత్రమంతా తన్నించాను. తన్నినప్పుడల్లా వంగింది. ఆ సాయంత్రం నాగమణికి అందినన్ని దణ్ణాలు వాళ్ళ ఊరి అమ్మవారికి జాతరలో కూడా అంది ఉండవు. మానుతుందనుకున్న అలవాటు మా చేతులమీదుగా ఇంకా ముదిరింది.

"చేతులు వెనక్కి కట్టేద్దామండి" అంది నాగమణి, మోకాలు రుద్దుకుంటూ.

నాకప్పుడు బుద్ధి ఉందో లేదో గానీ, చున్నీతో కట్టించాను. అలివేలు తన్ని, చేతులు లేవు కాబట్టి తల వంచింది. వంచి, తూలి, నా కాళ్ళ దగ్గర పడింది.

ఆ వారంలోనే మూర్తి మాస్టారు ఏదో పెళ్ళికి గూడెం వచ్చి మా గ్రౌండుకి వచ్చారు. అప్పటికే ఆయన రిటైరై చాలాకాలమైంది, చేతికర్ర కూడా వచ్చింది. జరిగిందంతా చెప్పి, "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, నా వల్ల కాదండి మాస్టారూ" అన్నాను.

"వాళ్ళింటికెళ్ళావా?"

"లేదండి."

"మరి బస్తాలెందుకు తన్నిస్తున్నావమ్మా?" అన్నారు. కాఫీ అడిగి తాగి వెళ్ళిపోయారు.

హారతి

ఆ శనివారం సాయంత్రం బస్సు దిగి వాళ్ళ ఊరు వెళ్ళాను. రోడ్డుకి రెండు పక్కలా చెరువులు, గట్ల మీద కొబ్బరిచెట్లు. అలివేలు బస్టాపులోనే నిలబడి ఉంది, ఇంట్లో ఏం చెబుతానోనని మొహం వాడిపోయి ఉంది. శేషాచార్యులు గారు గుడి గుమ్మంలో ఎదురొచ్చారు. మెత్తటి మనిషి, మాట పైకి రాదు. సంధ్య హారతికి ఇంకా వేళ ఉందని నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి ఆయన కింద మెట్టు మీద కూర్చున్నారు.

"అమ్మాయికి ఆటలో ఏదో లోపం ఉందటగదమ్మా. రాత్రిళ్ళు సరిగా అన్నం తినట్లేదు. నేను నేర్పకూడనిది ఏమైనా నేర్పానా తల్లీ?"

చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కాలు తగిలితే ఇలా అద్దుకోవాలి నాన్నా అని ఆయన నేర్పింది మంచే కదా. నేను ఆ మంచిని పిల్లలోంచి పీకెయ్యడానికి బస్తాలు కట్టానని ఆయనకి ఏ మొహంతో చెప్పను? "లోపం కాదండీ, కాస్త వేగం తక్కువంతే" అని తప్పించుకున్నాను.

హారతి వేళయింది. శనివారం కాబట్టి జనం బాగానే ఉన్నారు, మండపం ఇరుకు. అలివేలు ఒక పక్క తీర్థం ఇస్తోంది. శేషాచార్యులు గారు స్వామికి హారతిచ్చి, పళ్ళెంతో మా మధ్యలోకి వచ్చారు. నా ముందునుంచి పోతుంటే ఆయన కాలు నా పాదం మీద పడింది. నాకు తెలిసింది, ఆయనకీ తెలిసింది. ఆగలేదు. ఆ చివరనున్న ముసలమ్మ దాకా అందరికీ హారతి చూపించి, లోపలికి వెళ్ళి పళ్ళెం దించి, తిరిగొచ్చి, నా ముందు వంగి నా పాదం దగ్గర నేలని తాకి కళ్ళకద్దుకున్నారు.

నేను అదిరిపడి వెనక్కి జరిగాను. "అయ్యో, మీరు నాకు పెట్టడమేంటండీ?"

"ఇందాక కాలు తగిలిందమ్మా."

"అది ఎప్పుడో అయిపోయింది కదండీ."

"చేతిలో హారతి ఉంది కదమ్మా. అక్కడే వంగితే ఆరిపోదూ? దణ్ణం ఎక్కడికి పోతుంది, కాసేపు ఆగుతుంది. హారతి ఆగదు" అని, ఇందులో అడగడానికేముందన్నట్టు చూసి, ప్రసాదం తేవడానికి లోపలికి వెళ్ళారు.

అలివేలు ఉద్ధరిణె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎవరో "తీర్థం అమ్మా" అనేదాకా కదల్లేదు. తర్వాత బస్టాపుకి నాతో నడిచొచ్చింది. పులిహోర పొట్లం నా చేతిలో వెచ్చగా ఉంది.

"మేడం గారండీ."

"ఏమే?"

"కూత కూడా అంతేనండీ. ఊపిరి నోట్లో ఉన్నంతసేపూ వంగకూడదండీ. గీత దాటాక పెట్టుకోవచ్చు కదండీ?"

నాలుగు ఆటలు ఆడిన నాకు తట్టలేదు, చూడండి. దణ్ణం మాన్పించాలని చూశాను గానీ, దాన్ని ఎప్పుడు పెట్టుకోవాలో చెబుదామని అనుకోలేదు. సోమవారం నుంచి గ్రౌండులో కొత్త చట్టం పెట్టాను. తన్నాక దణ్ణం పెట్టి తీరాలి, గీత దాటాకే పెట్టాలి. ఇన్నాళ్ళూ మానెయ్యమంటే మానలేక చచ్చిపోయిన పిల్ల, తర్వాత పెట్టుకో అనేసరికి కుదుటపడింది. ఒక్కరోజులో రాలేదండోయ్. మొదట్లో సగం వంగి, గుర్తొచ్చి పరిగెత్తేది. మధ్యలో నాగమణి "హారతి, హారతి" అని కేకలు పెట్టేది.

సెలెక్షన్లు

సెలెక్షన్ల రోజున అన్ని కాలేజీల పిల్లల్నీ కలిపి రెండు జట్లు చేస్తారు. మా ప్రాణానికి నాగమణి అవతలి జట్టులో పడింది. అలివేలు బలహీనత ఈ భూమ్మీద ఎవరికైనా పూర్తిగా తెలుసంటే అది నాగమణికే. ఆట మొదలయ్యేముందు అది నా దగ్గరికొచ్చింది.

"మేడం గారండీ, నేను వదిలేస్తే బాగోదండి. వదిలేశానని తెలిస్తే అది నాతో జన్మలో మాట్లాడదండి."

"నిన్ను వదిలెయ్యమని ఎవరన్నారే? పట్టు" అన్నాను.

అలివేలు మొదటి కూత. చుట్టూ కొత్త మొహాలు, బల్ల దగ్గర సెలెక్టర్లు. కాలు చాచి నాగమణినే తన్నింది. తన్ని, చెయ్యి సగం దాకా కిందికి దింపింది. నాగమణికి ఆ సగం చాలు. మడమ పట్టేసింది, అలివేలు బోర్లా పడింది. ఔటై గీత బయట కూర్చున్న పిల్ల నా వైపు చూడలేదు. నేను మా ఇంటి దేవుళ్ళనీ, వాళ్ళ ఊరి వేణుగోపాలస్వామినీ కలిపి తలుచుకున్నాను.

తన జట్టుకి పాయింటొచ్చి మళ్ళీ లోపలికి వచ్చేసరికి ఆట సగం దాటింది. ఇంకో కూతకి అలివేలే లేచింది. నాగమణి మూలన కాచుకుని ఉంది, దణ్ణం కోసం. అలివేలు అటూ ఇటూ తిరిగి, వెనక్కి మళ్ళినట్టే మళ్ళి, అదే తాపు, అదే మోకాలు. నాగమణి రెండు చేతులూ చాచి, ఆ పిల్ల వంగుతుందనుకున్న చోటికి దూకింది. అక్కడ ఎవరూ లేరు. అలివేలు కూత తెగకుండా గీత దాటేసింది, నాగమణి మట్టిలో పడింది.

విజిల్ మోగింది. అప్పుడు అలివేలు గీత ఇవతలనుంచే వెనక్కి తిరిగి, తీరిగ్గా వంగి, నేలని తాకి, నాగమణి వైపు చూస్తూ కళ్ళకద్దుకుంది.

"దణ్ణం తర్వాత పెడుదువుగానీ, ముందు నన్ను లేపవే" అంది నాగమణి, నోట్లో మట్టి ఊస్తూ. దాని మొహంలో సంతోషం దాగడం లేదు.

ఆ తర్వాత వెళ్ళిన కూతల్లో కూడా అంతే. తాకడం, దాటడం, దణ్ణం. సెలెక్టర్లలో పెద్దాయన నన్ను పిలిచారు.

"ఏవండీ సత్యవతి గారూ, మీ అమ్మాయి అవతలి జట్టుకి దణ్ణాలు పెడుతోందేంటండీ?"

"కాలు తగిలిందండీ మరి."

"తగిలించడానికే కదండీ వెళ్ళింది?"

"అవునండీ, అందుకే తగిలించింది. తగిలింది కాబట్టి పెట్టింది."

ఆయన నవ్వి, "పాయింటుకేం అడ్డం లేదు లెండి" అన్నారు. సాయంత్రం పేర్లు చదివినప్పుడు నాగమణి పేరు ముందు వచ్చింది, అలివేలు పేరు చివర్న వచ్చింది. చివర్న అయితేనేం. నేను శేషాచార్యులు గారికి ఫోన్ చేశాను. "చేతిలో పళ్ళెం ఉందమ్మా" అని పెట్టేశారు. పళ్ళెం దించాక ఆయనే చేశారు. చెప్పగానే ఆయన ఏడ్చేశారు. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకు దాచుకోవాలి.

కొల్లేటి బడి

అలివేలుకి సీటు వచ్చింది, చదివింది, ఉద్యోగమూ వచ్చింది. ఇప్పుడు ఆకివీడు దాటాక కొల్లేటి పల్లెలో ఒక బడిలో డ్రిల్లు టీచరు. నాగమణిది ఆ పక్క ఊరే. నేను రిటైరయ్యాక మొన్న ఒకసారి ఇద్దరూ పట్టుబట్టి రమ్మంటే వెళ్ళాను. బడి వెనక చేపల చెరువు, ముందు చిన్న గ్రౌండు. ఆడపిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. నాకు కుర్చీ వేశారు. మోకాళ్ళ నొప్పి కాబట్టి కాళ్ళు బారచాపుకుని కూర్చున్నాను.

"మేడం గారండీ, మీ పాదం పక్కగీత లోపలికి వచ్చిందండీ" అంది అలివేలు.

"నా పాదం ఎక్కడుండాలో కూడా నువ్వే చెబుతావుటే" అని నేను తియ్యలేదు.

కూతకెళ్ళిన ఒక బక్కపిల్ల ఎవరినో తాకి, వెంటపడినవాళ్ళని తప్పించుకుంటూ గీత వారగా పరిగెత్తుకొచ్చి, నా పాదం తొక్కేసింది. ప్రాణం పోయినంత పనైంది. ఆ పిల్ల కనీసం నావైపు చూడనైనా చూడలేదు, అలాగే దూసుకుపోయింది. ఈ కాలం పిల్లలకి పెద్దా చిన్నా లేదు అని తిట్టుకుంటూ పాదం రుద్దుకున్నాను. అలివేలు నా పక్కనే నిలబడి ఆట చూస్తోంది.

విజిల్ మోగింది. ఆ పిల్ల రొప్పుకుంటూ గ్రౌండు చుట్టూ తిరిగి నా కుర్చీ దగ్గరికొచ్చి, వంగి, నా పాదం ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

"ఇందాక తగిలిందండి. కూతలో ఉన్నానండి."

ఏదో ఒకటి అడగాలని, "ఔటయ్యావా?" అని అడిగాను.

"లేదండి" అంది ఆ పిల్ల. "గీత దాటాకే వచ్చానండి."